చందా ఉన్నా పేపరు తెరుచుకోవడం లేదు: యూనివర్సిటీ లైబ్రరీల ఆన్‌లైన్ సేవలపై చర్చ

పరిశోధన_దారి రాశారు:

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ లైబ్రరీలలో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

గదిలో కూర్చుని గూగుల్ స్కాలర్‌లో వెతికితే నాకు కావాల్సిన పేపరు కనబడుతుంది. నొక్కితే పబ్లిషరు పేజీ వస్తుంది, అబ్‌స్ట్రాక్ట్ కింద డబ్బు కట్టమంటుంది. మర్నాడు లైబ్రరీ కంప్యూటర్‌లో అదే లింకు నొక్కితే పీడీఎఫ్ వెంటనే తెరుచుకుంటుంది. అంటే చందా ఉన్నట్టే కదా, మరి గదిలో కూర్చుంటే ఎందుకు రాదు? నా తోటి స్కాలర్లు చాలామంది "ఇది మన లైబ్రరీకి లేదులే" అనుకుని ఆ పేపరునే వదిలేస్తున్నారు. దొరికినవాటితోనే లిటరేచర్ రివ్యూ రాసేస్తున్నారు. నా టెన్షన్ అంతా అక్కడే. దొరక్క చదవని పేపరు, అక్కర్లేక చదవని పేపరు, థీసిస్‌లో రెండూ ఒకేలా కనబడతాయి.

లైబ్రరీ సైట్‌లో డేటాబేసుల జాబితా అక్షరక్రమంలో పెద్దగా ఉంది. పేరు చూస్తే ఏది దేనికో తెలియదు. అసలు దారి ఎక్కడ తెగుతోంది? ఎవరిని అడగాలి?

ఈ_వనరుల_డెస్క్ రాశారు:

నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఎలక్ట్రానిక్ వనరుల పని చూస్తాను. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోవడం వల్లే చాలామంది అనవసరంగా వెనక్కి తిరిగిపోతున్నారు.

పబ్లిషరు సైటుకు మీరెవరో తెలియదు. మీ కంప్యూటరు ఏ ఐపీ అడ్రసు (నెట్ కనెక్షన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) నుంచి వస్తోందో అంతే దానికి తెలుసు. లైబ్రరీ చందా కట్టేటప్పుడు సంస్థ ఐపీ అడ్రసులు పబ్లిషరుకు ఇస్తుంది. ఆ అడ్రసుల నుంచి వచ్చినవాళ్లకు తలుపు తీస్తారు. మీరు మొబైల్ డేటా మీదో ఇంకో నెట్ కనెక్షన్ మీదో ఉంటే మీరు దానికి బయటివారే.

ఈ చిక్కు తీర్చడానికే ప్రాక్సీలు వచ్చాయి. లైబ్రరీలలో బాగా వాడుకలో ఉన్న ఈజీప్రాక్సీని 1999లో క్రిస్ జాగర్ అనే లైబ్రేరియన్ స్వయంగా రాశారు. 2008లో దాన్ని లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ తీసుకుంది. లైబ్రరీ పేజీలో ఉన్న లింకు నుంచి వెళ్తే ప్రాక్సీ ముందు మీ లాగిన్ అడుగుతుంది. తర్వాత పబ్లిషరు పేజీని మీ తరఫున తానే తెరిచి, అందులోని లింకులన్నీ తన గుండా పోయేలా మార్చి మీకు చూపిస్తుంది. పబ్లిషరుకు కనబడేది సంస్థ అడ్రసే. గూగుల్ నుంచి నేరుగా వెళ్తే మధ్యలో ప్రాక్సీ ఉండదు, అందుకే డబ్బు అడుగుతోంది.

రెండో కారణం డీఓఐ. పబ్లిషర్ల ఉమ్మడి సంస్థ క్రాస్‌రెఫ్ 2000లో మొదలయ్యాక పేపర్లకు డీఓఐ అనే స్థిరమైన గుర్తింపు సంఖ్యలు వచ్చాయి, ఎంతో మేలు జరిగింది. కానీ డీఓఐ లింకు మామూలుగా పబ్లిషరు దగ్గరికే తీసుకెళ్తుంది. మీ లైబ్రరీకి ఆ జర్నల్ జేస్టోర్ అనే జర్నళ్ల డిజిటల్ భాండాగారం ద్వారానో, చాలా జర్నళ్లను కలిపి అమ్మే ఇంకో డేటాబేసు ద్వారానో వస్తుండవచ్చు. అప్పుడు ప్రాక్సీ ద్వారా వెళ్లినా పబ్లిషరు పేజీలో తాళమే కనబడుతుంది. పేపరు మాత్రం ఇంకో చోట మీకోసం తెరిచే ఉంటుంది. ఏ చదువరికి ఏ చోట ఉన్న కాపీ చెల్లుతుందో చూపించడానికి 1990ల చివర్లో బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీలో హెర్బర్ట్ వాన్ డి సోంపెల్, ఆయన సహచరులు చేసిన పని నుంచే ఓపెన్‌యూఆర్‌ఎల్, లింక్ రిసాల్వర్లు పుట్టాయి. మీ లైబ్రరీ సైట్‌లో "ఫుల్ టెక్స్ట్ ఎక్కడుందో చూడండి" అనే బటన్ ఉంటే దాని వెనక నడిచేది అదే.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఇది. గూగుల్ స్కాలర్ సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ అనే చోట మీ సంస్థ పేరు వెతికి టిక్ పెట్టండి. అయిదు లైబ్రరీల దాకా పెట్టుకోవచ్చు. మీ లైబ్రరీ ఆ ఏర్పాటు చేసి ఉంటే ఫలితాల పక్కనే లైబ్రరీ లింకు వస్తుంది, అది ప్రాక్సీ గుండానే పోతుంది. దానితో పాటు అన్‌పేవాల్ అనే ఉచిత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. రచయితలు చట్టబద్ధంగా రిపాజిటరీలో (పేపర్లు ఉచితంగా దాచి ఉంచే ఆన్‌లైన్ చోటు) పెట్టిన కాపీ ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది.

ఇంత చేసినా తెరుచుకోకపోతే లైబ్రరీకి రాయండి. ఊరుకోవద్దు.

డిగ్రీ_ఆఖరి_ఏడు రాశారు:

లైబ్రరీ లింక్స్ పెట్టాను అండి, లింకులు వస్తున్నాయి! అసలు ఇలాంటిది ఒకటి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. ఓరియెంటేషన్‌లో లైబ్రరీ వేళలు, కార్డు, ఫైను గురించే చెప్పారు.

కేటలాగు_గది రాశారు:

ఈ_వనరుల_డెస్క్ గారు చెప్పినదానికి వెనకవైపు కథ కొంత చేరుస్తాను. మేమంతా రోజూ కుస్తీ పట్టేది దీనితోనే.

లింక్ రిసాల్వర్ తనంతట తాను ఏదీ కనిపెట్టదు. దాని వెనక నాలెడ్జ్ బేస్ అని ఒక పెద్ద పట్టిక ఉంటుంది. ఏ జర్నల్, ఏ వేదిక మీద, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా మనకు ఉంది అన్నది అందులో ఉంటుంది. ఆ వివరాలు పబ్లిషర్లే పంపాలి. ఒక్కొక్కరు ఒక్కో తీరున పంపుతుంటే గందరగోళమైపోతోందని 2010లో కేబార్ట్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చారు. అయినా తప్పులు వస్తూనే ఉంటాయి. జర్నల్ పేరు మారుతుంది, పాత పేరుతో ఉన్న సంచికలు ఒక చోట, కొత్తవి ఇంకో చోట పడతాయి. జర్నల్ ఒక పబ్లిషరు నుంచి మరొకరికి మారుతుంది. జేస్టోర్ లాంటి చోట్ల మూవింగ్ వాల్ ఉంటుంది. చాలా జర్నళ్లకు అది మూడు నుంచి అయిదేళ్లు, అంటే ఆ మేరకు కొత్త సంచికలు అక్కడ కనబడవు. పట్టికలో ఒక్క సంవత్సరం తప్పు పడితే బటన్ "ఉంది" అంటుంది, నొక్కితే ఉండదు. దానికన్నా అన్యాయం ఇంకోటి ఉంది. కొని పెట్టింది కూడా "లేదు" అని చూపిస్తుంది. మొదటిదాని మీద ఫిర్యాదులైనా వస్తాయి. రెండోదాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు, లేదని నమ్మేస్తారు కాబట్టి.

అనుబంధ సంచికలు, పుస్తక సమీక్షలు, సమావేశాల ప్రొసీడింగ్స్, వీటి దగ్గర లింకులు ఎక్కువగా తెగుతాయి. అలాంటప్పుడు బటన్‌ను నమ్మి వదిలేయకండి. జర్నల్ పేరుతో విడిగా వెతికి, ఆ సంవత్సరం, ఆ సంచిక తెరిచి చూడండి.

బోధన_పరిశోధన రాశారు:

నేను అధ్యాపకురాలిని. ఒక మాట సూటిగా చెప్తాను, లైబ్రరీవాళ్లు ఏమీ అనుకోవద్దు. డిగ్రీ పిల్లలకు ప్రాక్సీ, రిసాల్వర్ అని పాఠాలు చెప్పడం దండగ. వాళ్లకు కావాల్సింది ఒక్క పెట్టె, అందులో టైపు చేస్తే ఫలితాలు రావాలి. 2009 తర్వాత సమ్మన్ లాంటి డిస్కవరీ సేవలు వచ్చింది అందుకే కదా. పుస్తకాలు, వ్యాసాలు, థీసిస్‌లు అన్నీ ఒకే చోట వెతకొచ్చు. ఆ పెట్టెను లైబ్రరీ మొదటి పేజీలో పెద్దగా పెట్టి, అక్షరక్రమం జాబితాను లోపలికి తోసేయండి.

వైద్య_గ్రంథాలు రాశారు:

బోధన_పరిశోధన గారూ, మొదటి ఏడాది పిల్లల వరకు మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పరిశోధనకు మాత్రం ఆ ఒక్క పెట్టె చాలదు.

మా రంగంలోదే చెప్తాను. వైద్య వ్యాసాలు వెతికే పబ్‌మెడ్‌లో హార్ట్ అటాక్ అని టైపు చేస్తే, దాని వెనకున్న మెష్ పదకోశం ఆ మాటను మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అనే శీర్షికకు కలుపుతుంది. పేపరులో హార్ట్ అటాక్ అనే మాట ఒక్కసారి కూడా లేకపోయినా ఫలితాల్లోకి వస్తుంది, ఎందుకంటే ఆ వ్యాసానికి ఆ శీర్షిక తగిలించి ఉంది. ఇలా శీర్షికలు తగిలించే పని దశాబ్దాలుగా సాగుతోంది. డిస్కవరీ పెట్టె ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రికార్డులను కలిపేస్తుంది, ఒక్కో రికార్డుకు ఒక్కో రకం శీర్షికలు, కొన్నిటికి అసలు ఉండవు. అందుకని అక్కడ మనం టైపు చేసిన అక్షరాల మీదే ఎక్కువ ఆధారపడాల్సి వస్తుంది. సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ పద్ధతిగా వెతికి బేరీజు వేసే పని, చేసేవాళ్లు ఏ డేటాబేసులో, ఏ రోజు, ఏ సెర్చ్ స్ట్రింగ్‌తో వెతికారో రాయాలి. ఇంకొకరు అదే పని మళ్లీ చేసి చూడగలగాలి కదా. ఒక్క పెట్టెతో ఆ హామీ ఇవ్వలేం.

కెమిస్ట్రీవాళ్లకు అణువు బొమ్మ గీసి వెతికే సౌకర్యం కావాలి. న్యాయశాస్త్రంవాళ్లకు ఒక తీర్పును తర్వాతి తీర్పులు నిలబెట్టాయా కొట్టేశాయా అన్నది కావాలి. ఇవి ఆయా డేటాబేసుల్లోనే ఉంటాయి.

బోధన_పరిశోధన రాశారు:

ఒప్పుకుంటాను, పరిశోధనకు మీరు చెప్పింది సబబే. అయితే ఆ జాబితానైనా సబ్జెక్టువారీగా పెట్టి, ఒక్కోదాని పక్కన "ఇది దేనికి పనికొస్తుంది" అని రెండు వాక్యాలు రాయండి. చాలా లైబ్రరీలలో ఆ వివరణ పబ్లిషరు ప్రచార పత్రం నుంచి ఎత్తి పెట్టినట్టు ఉంటుంది. లక్షల రికార్డులు ఉన్నాయంటే పిల్లలకు ఏం ఒరుగుతుంది?

ఇంకో సంగతి. రిఫరెన్స్ గ్రంథాల గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. బ్రిటానికా అచ్చు ప్రతిని ఆపేస్తున్నామని 2012లో ప్రకటించారు, 2010 నాటి 32 సంపుటాలే చివరివి. అప్పట్లో రిఫరెన్స్ గదిలోకి అడుగుపెడితే విజ్ఞాన సర్వస్వాలు, నిఘంటువులు, హ్యాండ్‌బుక్‌లు కంటికి కనబడేవి. ఇప్పుడవన్నీ లింకులైపోయి ఆ పొడుగాటి జాబితాలో కలిసిపోయాయి. సబ్జెక్టు ఎన్‌సైక్లోపీడియాల్లో ఒక్కో వ్యాసం ఆ రంగంలో పనిచేసినవాళ్లు సంతకం పెట్టి రాసింది, చివర చదవాల్సినవాటి పట్టీ కూడా ఇస్తారు. కొత్త అంశం మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి మెట్టు నాకు కనబడలేదు. లైబ్రరీ డబ్బు పెట్టి కొంటుంది, విద్యార్థికి అది ఉన్నట్టే తెలియదు. నిజంగా బాధేస్తుంది.

చాట్_రిఫరెన్స్ రాశారు:

మీ బాధ మాదీ. నేను "లైబ్రేరియన్‌ను అడగండి" చాట్ మీద కూర్చుంటాను, దాని గురించి నాలుగు మాటలు చెప్తాను. పరిశోధన_దారి గారు ఎవరిని అడగాలి అన్నారు కదా, మమ్మల్నే అడగాలి.

ఆన్‌లైన్ రిఫరెన్స్ కొత్తదేమీ కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఓసీఎల్‌సీ కలిసి 2002లో క్వశ్చన్‌పాయింట్ అనే ఉమ్మడి సేవ పెట్టాయి. ఒక లైబ్రరీ మూసి ఉన్న వేళలో ఇంకో లైబ్రరీవాళ్లు జవాబిచ్చే వీలు దానిలో ఉండేది. ఆ పేరుతో ఇప్పుడు లేకపోయినా పద్ధతి అదే సాగుతోంది. చాట్, ఈమెయిల్, స్క్రీన్ పంచుకుని వెతికి చూపించడం, పరిశోధకులతో ముందే సమయం పెట్టుకుని మాట్లాడటం.

మా పనిలో కష్టమైన భాగం జవాబు కాదు, ప్రశ్న. రాబర్ట్ టేలర్ అనే ఆయన 1968లోనే ఈ విషయం చెప్పారు. మనిషికి లోపల ఉన్న అవసరం ఒకటి, మాటల్లోకి వచ్చేసరికి అది ఇంకోలా అవుతుంది, ఈ లైబ్రరీ దీనికి జవాబు చెప్పగలదు అనుకున్న రూపంలోకి కుదించి చివరికి అడుగుతారు. చాట్‌లో ఇది రోజూ చూస్తాం. "పర్యావరణం మీద పుస్తకాలున్నాయా?" అని వస్తుంది. ఏ కోర్సు కోసం, ఇప్పటిదాకా ఏం చూశారు, ఎప్పటికి కావాలి అని మెల్లగా అడుగుతూ పోతే చివరికి తేలేది, నదుల నీటిలో భార లోహాలు ఎంత దాకా ఉండొచ్చో చెప్పే ప్రమాణాల పట్టిక ఒకటి కావాలని. పుస్తకాల జాబితా పంపి ఊరుకుంటే ఆ మనిషి థాంక్స్ చెప్పి వెళ్లిపోయేవాడు, పని మాత్రం జరిగేది కాదు. ఎదురుగా కూర్చుంటే ముఖంలో తెలుస్తుంది. చాట్‌లో ముఖం కనబడదు కాబట్టి "మీరు అనుకున్నది ఇదేనా?" అని ప్రతిసారీ అడగాల్సిందే.

అందుకే చాట్ పెట్టెలో మనుషుల బదులు పూర్తిగా ఏఐ బాట్ పెడదామనే ఆలోచన నాకు నచ్చదు. వేళలు, రెన్యువల్ లాంటివాటికి బాట్ చాలు. పరిశోధన ప్రశ్నకు మనిషికి అప్పగించే దారి తప్పక ఉండాలి, అది పేజీలో కంటికి కనబడాలి.

డిగ్రీ_ఆఖరి_ఏడు రాశారు:

మేడం, ఏఐ ఇచ్చే రిఫరెన్సులు నిజమా కాదా ఎలా తెలుసుకోవాలి? ప్రాజెక్టుకు అందరూ అలాగే తెస్తున్నారు.

చాట్_రిఫరెన్స్ రాశారు:

ఈ మధ్య మాకు వచ్చే వినతుల్లో ఇదొక కొత్త రకం. "ఈ పేపరు తెప్పించండి" అని వివరాలు ఇస్తారు. రచయిత నిజం, జర్నల్ నిజం, సంపుటం, సంవత్సరం కూడా పొసుగుతాయి. ఆ పేరుతో వ్యాసం మాత్రం ఎప్పుడూ అచ్చు కాలేదు. మనిషి చేసే పొరపాటులో ఒక అంకె తప్పుతుంది, మిగతాది ఒరిజినల్‌కు దారి చూపిస్తుంది. ఇక్కడ అన్నీ సరిగానే కనబడతాయి, వెతికితే ఏమీ దొరకదు. అందుకే వీటికి మాకు మామూలుకన్నా ఎక్కువ సమయం పోతుంది.

మీరే చూసుకోవచ్చు. డీఓఐ ఇచ్చి ఉంటే దాన్ని తెరవండి. తెరుచుకుంటే సరిపోదు, తెరుచుకున్న పేజీలో వ్యాసం పేరు, రచయిత మీ దగ్గరున్నదానితో కలవాలి. కల్పించిన డీఓఐ ఒక్కోసారి వేరే ఎవరిదో పేపరు మీదికి వెళ్తుంది. డీఓఐ లేకపోతే ఆ జర్నల్ సైట్‌లో ఆ సంపుటం, ఆ సంచిక విషయసూచిక తెరిచి పేజీ సంఖ్యలు చూడండి. అక్కడ ఇంకో వ్యాసం ఉంటే సంగతి తేలిపోయినట్టే.

ఉన్న పేపరే అయినా తర్వాత వెనక్కి తీసుకున్నదేమో చూడాలి. అలా వెనక్కి తీసుకున్న పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేసును 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ ఉచితం చేసింది. రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లయితే, దానిలో ఉన్న పేపరు వెనక్కి తీసుకున్నదైతే అదే హెచ్చరిస్తుంది. జొటెరో ఉచితం, 2006 నుంచి ఉంది, ఇంకా మొదలుపెట్టనివాళ్లు ఇవాళే మొదలుపెట్టండి.

చెవితో_చదువు రాశారు:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను, అంటే వింటున్నాను. నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటాను.

మీరంతా పేపరు తెరుచుకోవడం గురించి మాట్లాడుతున్నారు. నాకు తెరుచుకున్నాక అసలు కష్టం మొదలవుతుంది. పాత సంచికల్ని స్కాన్ చేసి అలాగే బొమ్మలుగా పెట్టేస్తారు. స్క్రీన్ రీడర్‌కు అందులో అక్షరమే ఉండదు, ఖాళీ పేజీ అంటుంది. ఓసీఆర్ చేసినా, అంటే బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చినా, రెండు కాలమ్‌లను అడ్డంగా కలిపి చదివేస్తుంది, ఎడమ వాక్యం సగం, కుడి వాక్యం సగం. పట్టికల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక పెద్ద పబ్లిషరు ఈ-బుక్ వేదికలో పుస్తకం వాళ్ల రీడర్‌లోనే తెరవాలి, ఆ రీడర్‌లో పేజీ తిప్పే బటన్‌కు పేరే పెట్టలేదు. నా స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అంటుంది. ఏది ముందుకో ఏది వెనక్కో నాకెలా తెలుస్తుంది? ఫిర్యాదు చేస్తే మీ బ్రౌజర్ మార్చండి అన్నారు.

కొనేముందు ఒక్కసారి మాలాంటివాళ్లతో పరీక్ష చేయించండి. ఈపబ్ అనే ఈ-బుక్ రూపం ఉంటే అది అడగండి, పీడీఎఫ్ కన్నా అది మాకు చాలా నయం. చూపు లేనివాళ్ల కోసం కాపీలు తయారుచేసి దేశాల మధ్య పంచుకోవడానికి మర్రకేష్ ఒప్పందం 2013లో కుదిరింది, 2016 సెప్టెంబరు 30న అమల్లోకి వచ్చింది. తమ దేశం అందులో చేరిందా లేదా అన్నది ప్రతి లైబ్రరీకీ తెలిసి ఉండాలి.

ఈ_వనరుల_డెస్క్ రాశారు:

చెవితో_చదువు గారూ, మీరు రాసింది మా కొనుగోలు కమిటీలో చదివి వినిపిస్తాను, పేరు లేకుండా, మీకు అభ్యంతరం లేకపోతే. లైసెన్సు మీద సంతకానికి ముందు పబ్లిషరు నుంచి యాక్సెసిబిలిటీ నివేదిక అడగడం ఇప్పుడు చాలా లైబ్రరీలు చేస్తున్నాయి. కాగితం మీద నివేదిక ఒకటి, వాడేవాళ్ల అనుభవం ఒకటి. మీరన్న పరీక్ష జరగాల్సిందే.

ఇక నేను మొదట్లో "ఊరుకోవద్దు, రాయండి" అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను.

ఏ చందా ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది లెక్కల మీద తేలుతుంది. పబ్లిషర్లు వాడకం లెక్కలు ఇవ్వడానికి కౌంటర్ అనే ప్రమాణం ఉంది, దాని అయిదో విడుదల 2019 జనవరిలో అమల్లోకి వచ్చింది. కట్టిన డబ్బును ఎన్నిసార్లు వాడారో దానితో భాగిస్తే ఒక్కో వాడకానికి ఎంత పడిందో వస్తుంది. అది ఎక్కువైతే రద్దు జాబితాలోకి పోతుంది. చిన్న విభాగాల జర్నళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. వాడేవాళ్లు పదిమందే అయినా ఆ పదిమందికీ అదే ఊపిరి.

ఆ లెక్కల్లో తిరస్కరణలు కూడా ఉంటాయి. లైసెన్సు లేక వెనక్కి పంపినవి ఒక వరుస, ఒకేసారి ఇంతమందే చదవాలన్న పరిమితి దాటి వెనక్కి పంపినవి ఇంకో వరుస. రెండోది ఈ-బుక్‌లలో బాగా ఉంటుంది. ఒక్కరే చదివే లైసెన్సు కొన్న పాఠ్యపుస్తకాన్ని పరీక్షల ముందు అందరూ తెరవబోతే ఏమవుతుందో తెలిసిందే. ఈ వరుస చూసి ఎక్కువమంది చదివే లైసెన్సు కొంటాం.

కానీ పరిశోధన_దారి గారి అనుభవం ఏ వరుసలోకి వస్తుందో చూడండి. గదిలోంచి నేరుగా పబ్లిషరు పేజీకి వెళ్లారు. మీది ఫలానా సంస్థ అని పబ్లిషరుకు తెలియదు. కాబట్టి మీరు వెనక్కి తిరిగిన సంగతి మా లెక్కలో తిరస్కరణగా కూడా పడదు. వాడకంగా అసలే పడదు. జర్నల్ ఉంది, చదవాలనుకున్నవాళ్లు ఉన్నారు, వచ్చారు, తిరిగి వెళ్లారు. మా పట్టికలో సున్నా. ఆ సున్నాలు చూసి "ఇది ఎవరూ వాడటం లేదు" అని వచ్చే ఏడాది తీసేస్తాం. అప్పుడు మీ స్నేహితులు అనుకున్నట్టు ఆ జర్నల్ నిజంగానే లేకుండా పోతుంది.

అందుకే ఒక్క ఈమెయిల్ మాకు అంత విలువైనది. యంత్రం చూడలేనిదాన్ని మనిషి రాస్తేనే తెలుస్తుంది. ఎన్ని డేటాబేసులు కొన్నాం అన్నదాన్ని నేను సేవ అనుకోను. కొన్నది చదువరి దాకా వెళ్లిందా అన్నదే నాకు ముఖ్యం.

కేటలాగు_గది రాశారు:

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది, చదువరి సమయం వృథా కానివ్వకూడదన్నది, ఈ లెక్కల్లో ఎక్కడా కొలవరు. ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో కొలుస్తారు. దాన్ని పట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో కొలవరు.

పాత_సంచికలు రాశారు:

రద్దు మాట వచ్చింది కాబట్టి. చందా ఆపేస్తే అప్పటిదాకా డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు ఏమవుతాయి? అచ్చు రోజుల్లో బీరువాలో ఉండిపోయేవి.

ఈ_వనరుల_డెస్క్ రాశారు:

అది లైసెన్సులో పర్పెచువల్ యాక్సెస్ అనే క్లాజు మీద ఆధారపడి ఉంటుంది. ఉంటే కట్టిన సంవత్సరాలవి మనకు మిగులుతాయి. చాలా జర్నళ్లను కలిపి అమ్మే డేటాబేసుల్లో మామూలుగా ఉండదు, చందా ఆగిన రోజే అన్నీ పోతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2019లో ఎల్సెవియర్ అనే పెద్ద పబ్లిషరుతో ఒప్పందం కుదరక ఆగిపోయినప్పుడు కొత్త వ్యాసాలు నేరుగా అందడం ఆగింది గానీ పాతవాటిలో చాలాభాగం అందుబాటులోనే ఉంది. 2021లో మళ్లీ ఒప్పందం చేసుకున్నారు. పాతవి చేతిలో ఉన్నాయి కాబట్టే అంతకాలం బేరం మీద నిలబడగలిగారని నా అభిప్రాయం.

పబ్లిషరే మూతపడితే? దానికి పోర్టికో, క్లాక్స్ లాంటి భద్రపరిచే ఏర్పాట్లు ఉన్నాయి. జర్నల్ ఎక్కడా దొరకని పరిస్థితి వస్తే అక్కడ దాచిన కాపీ తెరుస్తారు. క్లాక్స్‌కు ఆధారమైన, స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన లాక్స్ పద్ధతి వెనక ఆలోచన, ఒకే కాపీని చాలా చోట్ల ఉంచి అవి ఒకదానితో ఒకటి సరిచూసుకునేలా చేయడం.

పాత_సంచికలు రాశారు:

ధన్యవాదాలు. సైబర్ దాడుల సంగతి కూడా ఎవరైనా పట్టించుకోవాలి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) జరిగితే ఆన్‌లైన్ కేటలాగు నెలల తరబడి లేదు, 2024 జనవరిలో గానీ వెతికే వీలు తిరిగి రాలేదు. థీసిస్‌ల సేవ ఇంకా ఎక్కువ కాలం ఆగిపోయింది. పుస్తకాలు గోడౌన్‌లలో భద్రంగానే ఉన్నాయి, ఏది ఎక్కడుందో చెప్పే దారి పోయింది. వాళ్లు తమ లోపాలను దాచకుండా 2024 మార్చిలో నివేదిక విడుదల చేశారు. అది ప్రతి లైబ్రరీ సిస్టమ్స్ మనిషీ చదవాలి.

లిపి_ప్రియ రాశారు:

చిన్న సందేహం. తెలుగు పుస్తకాలను, చాలా దేశాల లైబ్రరీల ఉమ్మడి కేటలాగైన వరల్డ్‌క్యాట్‌లో తెలుగులో టైపు చేసి వెతికితే చాలాసార్లు రావు. నిజంగా లేవా?

కేటలాగు_గది రాశారు:

ఉండొచ్చు అండి. లాటిన్ కాని లిపుల పుస్తకాలను చాలా లైబ్రరీలు రోమన్ అక్షరాల్లోకి మార్చి నమోదు చేశాయి, అమెరికాలో దానికి ఏఎల్‌ఏ-ఎల్‌సీ పట్టికలు వాడతారు. దీర్ఘానికి పైన గీత, ట డ ణ లకు కింద చుక్క. అసలు లిపిని కూడా కలిపి పెట్టే వీలు మార్క్ అనే కేటలాగు రికార్డు రూపంలో ఉంది, పాత రికార్డులు చాలావాటిలో ఆ పని జరగలేదు. కాబట్టి రెండు విధాలా వెతకండి. రోమన్‌లో వెతికేటప్పుడు గీతలు, చుక్కలు లేకుండా టైపు చేసినా చాలా చోట్ల పనిచేస్తుంది. మనం రోజూ ఫోన్‌లో రాసే స్పెల్లింగు కాకుండా ఆ పట్టికలో ఉన్న స్పెల్లింగుతో ప్రయత్నించాలి. "చ" అక్షరానికి అక్కడ సీ ఒక్కటే, సీహెచ్ అంటే "ఛ".

లిపి_ప్రియ రాశారు:

సీ పెట్టి వెతికితే వచ్చేసింది!! చాలా చాలా థాంక్స్.

గణాంకాలు_గట్రా రాశారు:

నాదీ ఒక ప్రశ్న. టెక్స్ట్ మైనింగ్ (చాలా వ్యాసాల పాఠాన్ని కంప్యూటరుతో విశ్లేషించడం) కోసం ఒక జర్నల్ వ్యాసాలన్నీ స్క్రిప్టుతో దించుకుందామనుకుంటున్నాను. చందా ఉంది కదా, ఇబ్బంది లేదు కదా?

ఈ_వనరుల_డెస్క్ రాశారు:

దయచేసి ఆ స్క్రిప్టు నడపకండి! తక్కువ సమయంలో వందల పీడీఎఫ్‌లు దిగుతుంటే పబ్లిషరు సిస్టమ్ దాన్ని దొంగతనంగా చూసి ఆ ఐపీ అడ్రసును ఆపేస్తుంది. ప్రాక్సీ గుండా వెళ్లి ఉంటే ఆ అడ్రసు అందరిదీ, కాబట్టి బయటి నుంచి చదివే ప్రతివాళ్లకూ ఆ సైటు మూతపడుతుంది. తిరిగి తెరిపించడానికి మేం వివరణ రాసుకోవాలి, ఈలోగా ఎవరి గడువులో ఏవేవో ఆగిపోతాయి.

దారి లేదని కాదు. చాలా పబ్లిషర్లకు టెక్స్ట్ మైనింగ్ కోసం విడిగా ఏపీఐ, అంటే ప్రోగ్రాముతో డేటా తీసుకునే దారి, ఉంటుంది. మీ లైబ్రరీ లైసెన్సులో దానికి అనుమతించే క్లాజు ఉందో లేదో చూడాలి. ఏ జర్నల్, ఏ సంవత్సరాలు, ఎన్ని వ్యాసాలు, పూర్తి పాఠం కావాలా అబ్‌స్ట్రాక్ట్ చాలా, ఇవి రాసి మీ లైబ్రరీలో ఈ-వనరులు చూసేవాళ్లకు పంపండి. అబ్‌స్ట్రాక్ట్‌లు, రిఫరెన్సులు చాలనుకుంటే ముందు క్రాస్‌రెఫ్ ఉచిత ఏపీఐ చూడండి, పబ్లిషర్లు అక్కడ జమచేసినంత మేరకు దొరుకుతాయి.

గణాంకాలు_గట్రా రాశారు:

ఆపేశాను అండి. అబ్‌స్ట్రాక్ట్‌లు చాలు నాకు. క్రాస్‌రెఫ్‌తో మొదలుపెట్టి, అక్కడ లేనివాటి జాబితా చేసి లైబ్రరీకి పంపుతాను.